నీళ్లు పడేదాకా

రైస్‌మిల్లు వారి గుమ్మం ముందుకొచ్చి ఎంతసేపయిందో సత్తియ్యకు అంతు చిక్కడం లేదు. ఎడమకాలు అడుగేస్తోంది, కుడికాలు ఈడ్చుకొస్తోంది, జోడెద్దుల్లో ఒకటి చతికిలబడితే రెండోది కాడి లాక్కెళ్లినట్టు. నెత్తిన గరగ. ఇత్తడి బిందె, దానికి ముత్యాలమ్మ మొహం, వెనక ఏడుపడగల పాము, చుట్టూ మొక్కుబడి చీరలు, వేపమండలు, అన్నీ కలిపి పన్నెండు కేజీలు. పొద్దున్న ఆరింటికి గుళ్లో ఎత్తుకున్నప్పుడు పన్నెండు, ఇప్పుడెంతో మెడకే తెలియాలి. గరగ గుమ్మానికొచ్చిందంటే ఆ ఇంటి ఇల్లాలు చెంబుతో పసుపునీళ్లు తెచ్చి మోసేవాడి కాళ్ల మీద పోయాలి, వంగి పాదాలకు పసుపు రాయాలి, అప్పుడుగానీ గరగ ఆ ఇల్లు దాటదు. నీళ్లు పడేదాకా అడుగు ఆగకూడదు. గరగకు చెయ్యి తగలకూడదు, గరగ నేలకు తగలకూడదు. తలుపు తట్టకూడదు, కేకెయ్యకూడదు, కేకేస్తే అది అమ్మవారు ఇంటికి రావడం అవదు, ముష్టికి రావడం అవుతుంది. డప్పు విని ఇల్లాలే రావాలి. ఏసుపాదం డప్పు వాయిస్తూనే ఉన్నాడు, వేళ్ల చివర తోలు లేచిపోయేట్టు వాయిస్తున్నాడు, తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు. ఎందుకు తెరుచుకోవడం లేదో చెవులున్న ఎవడికైనా తెలుస్తుంది. ఇంట్లోనూ డప్పు మోగుతోంది. అదే డప్పు, అదే దరువు, అదే ఏసుపాదం చెయ్యి, టీవీలోంచి. లోపలి డప్పు బయటి డప్పుని తినేస్తోంది.

కిటికీ రెక్కలు తీసే ఉన్నాయి. ఫ్యాను గాలికి తెర లేచినప్పుడల్లా లోపల వరసగా నాలుగైదు తలలు, మల్లెపూల జడలు, ఒక నెరిసిన ముడి, వాటికి అవతల టీవీ, టీవీలో సత్తియ్య. వాళ్లంతా సత్తియ్యకు వీపులు పెట్టి కూర్చుని సత్తియ్యనే చూస్తున్నారు. ఒళ్లు కాలిపోతున్న జ్వరంలో కూడా అతనికి నవ్వొచ్చింది, నవ్వితే గరగ ఊగుతుంది కాబట్టి పళ్లు బిగించాడు. టీవీలో పైన మూలకి ఎర్రగా ఏదో రాసుంది, చదువు రాకపోయినా అదేంటో అతనికి తెలుసు, లైవ్. వారం రోజులుగా ఊరంతా అదే మాట, ఈ ఏడు జాతర లైవ్, ఎండలో బయటికి రానక్కర్లేదు, గరగ ఎక్కడుందో మంచం మీంచే చూసుకోవచ్చు, మన గుమ్మానికి వచ్చేటప్పటికి లేచి చెంబు పట్టుకెళ్తే సరి. లైవూ కాదు పాడూ కాదు. ఊళ్లో కేబుల్ కనెక్షన్లన్నీ గణేష్‌బాబువి. అతను చేతికెమెరాతో తీస్తాడు, క్యాసెట్టు నిండగానే స్కూటరెక్కి మార్కెట్టు వెనక గదికి పట్టుకెళ్లి మిషన్లో పడేస్తాడు, అక్కణ్నించి అన్ని ఇళ్లకీ వెళ్తుంది. మొదటి క్యాసెట్టు పావుగంట ఆలస్యం, రెండోది అరగంట, వీధులు దూరమయ్యేకొద్దీ స్కూటరుకి దారి పెరిగింది, ఇప్పటికి ముప్పావుగంట దాటింది. సత్తియ్య ఇక్కడ నిలబడి చస్తున్నాడు, టీవీలో ఇంకా వెనకవీధిలో వీరవేణి ఇంటి ముందున్నాడు. వీరవేణికి కేబుల్ లేదు. కేబుల్ లేదు కాబట్టి ఆవిడకి డప్పు వినిపించింది, చెంబు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది, నీళ్లు గబుక్కున పోసేసి లోపలికి పరిగెత్తింది, చెయ్యి మాత్రం వెయ్యలేదు. పొద్దుట్నించీ అరవై గుమ్మాలయ్యాయి, ఒక్క చెయ్యి కూడా తగల్లేదు.

టీవీలో సత్తియ్యకు కాళ్లు లేవు. తెర లేచినప్పుడల్లా కళ్లు చికిలించి చూస్తున్నాడు, గరగ కనబడుతోంది, మొహం కనబడుతోంది, ఎర్ర పావడా నడుం దగ్గర కనబడుతోంది, దాని కింద టీవీ అంచు. గరగ ఆటంతా కాళ్లలో ఉంది. మడమ ముందా, మునివేళ్లు ముందా, గజ్జె ఎప్పుడు మోగాలి, ఎప్పుడు మోగబోయి ఆగాలి, నెత్తిమీది బరువుని వెన్నుపూసలోంచి దించి ఏ పాదంలోకి ఒంపాలి, అదీ ఆట. పైన ఏముంటుంది, చెమట పట్టిన మొహం ఉంటుంది. ఆ మాట గణేష్‌బాబుకి తెలుసు, పాపం అతను మొదట కాళ్లే తీశాడు. జాతర కమిటీ ప్రెసిడెంటు భీమరాజు గారు ఆపించారు. గుళ్లో అందరి ముందూ అన్నారు, సత్తియ్య పక్కనే గరగెత్తుకుని నిలబడి ఉండగానే, స్తంభానికి చెవులుండవన్నట్టు. "కాళ్లు తియ్యకు గణేష్‌బాబూ. ఇళ్లల్లో కడుపుతో ఉన్న ఆడపిల్లలుంటారు, అన్నం తినేవాళ్లుంటారు. నడుం కాణ్నించి పైకి తియ్యి." గణేష్‌బాబు సత్తియ్య వంక ఒక్కసారి చూసి, కెమెరా పైకెత్తి, "ఆయ్" అన్నాడు.

కుడికాలు బోదకాలు. మోకాలి కింద నుంచి ఒకటే లావు, మడమా చీలమండా ఏకమైపోయి, వేళ్లు పిండిముద్దలో గుచ్చిన శనగగింజల్లా. నాలుగేళ్లయింది. అంతకుముందు పాతికేళ్లు, పొద్దెక్కకముందే చాకిరేవులో మోకాటిలోతు నీళ్లలో నిలబడ్డాడు, తాత నిలబడ్డాడు, నాన్న నిలబడ్డాడు, ఊళ్లోని మురిక్కాలవలన్నీ తెచ్చి ఆ రేవు పక్కనే కలిపారు, దోమ అక్కడే పుట్టింది. ఈ కాలిని చూసి మొహం తిప్పుకునే వాళ్లందరూ రాత్రిపూట ఈ కాలు నిలబడ్డ నీళ్లలో ఉతికిన దుప్పట్లే కప్పుకుని పడుకుంటారు. దుప్పటికి వాసన రాదు, కాలికొస్తుంది. మొదటిసారి జ్వరమొచ్చినప్పుడు తణుకులో ఇంజెక్షను చేయించుకున్నాడు, తర్వాత రాజమండ్రి వెళ్లాడు, అక్కడ డాక్టరుగారు మంచివాడే, పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు, ఇది తగ్గేది కాదయ్యా, పెరక్కుండా చూసుకోవాలి, బరువులు మొయ్యకు, ఎక్కువసేపు నిలబడకు. సత్తియ్య ఆయ్ ఆయ్ అంటూ తలూపాడు. బరువు మొయ్యకుండా, నిలబడకుండా చాకలాడు చేసే పనేముందో ఆయన్ని అడగాలనుకుని అడగలేదు.

ఇవాళ తెల్లవారకముందే గజ్జల్లో బిళ్ల కట్టింది. చలి పుట్టింది. చైత్రమాసపు ఎండ నడినెత్తికొచ్చినా ఆ చలి ఎముకల్లోంచి పోలేదు, పైన నిప్పులు, లోపల వణుకు, ఎవరో ఐసుముక్కని పొయ్యిలో పెట్టినట్టుంది. పెళ్లాం లోవలక్ష్మి వేపాకు నీళ్లు కాచి కాలు కడిగింది, ఆవిడ రోజూ కడుగుతుంది, అంట్లు తోమినట్టు, బట్ట ఉతికినట్టు, ఆవిడ చేతికి అదీ ఒక పని. గజ్జెల పట్టీ కుడికాలికి అందలేదు, తాడు ముడేసి కట్టింది. "ఇయ్యేళ మొయ్యకు. ఒక్క ఏడు ఆగితే అమ్మోరేం అలగదు" అంది. "అమ్మోరలగదే, భీమరాజు గారు అలుగుతారు" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. నవ్వేది కూడా కాదు అది. వచ్చే ఏడు నుంచి గరగని ట్రాక్టరు ట్రాలీ మీద పెట్టి తిప్పుతారట, లైట్లూ పూలూ కట్టి, నీక్కూడా సుఖం సత్తియ్యా అన్నారు భీమరాజు గారు. ట్రాక్టరుకి మాత్రం కాళ్లెక్కడివి, చక్రాలకి నీళ్లు పోస్తారు కాబోలు. ఈ ఒక్క ఏడూ మొయ్యనివ్వండి బాబూ అని సత్తియ్య గడప బయట నిలబడి అడిగాడు. ఒక షరతు మీద ఒప్పుకున్నారు, అడుగాగినా, గరగ నేలని తాకినా, అక్కడితో సరి, గరగ మీద మీ ఇంటి హక్కు ఆ రోజుతో పోయినట్టే, ఆ తర్వాత ఊళ్లో ఎవరికేం జరిగినా నీదే పూచీ. సరేనన్నాడు. ఎందుకన్నాడో లోవలక్ష్మికి చెప్పలేదు, చెప్పడానికి మాటలు కూడా లేవు. ఇది చివరి ఏడయితే, ఒక్క చెయ్యి. ఒక్కటంటే ఒక్క చెయ్యి వచ్చి ఆ కాలికి పసుపు రాస్తే చాలు. రాస్తే అది అమ్మవారి కాలు. రాయకపోతే అది ఆడవేషం కట్టుకుని ఎండలో నిలబడ్డ బోదకాలు చాకలాడి కాలు. ఈ రెంటికీ మధ్య ఉన్నదంతా ఒక చెయ్యి.

ఆ చెయ్యి ఈ ఇంట్లోనే ఉంది. అందుకే మిగతా అరవై గుమ్మాలూ అతన్ని బాధించలేదు. సంపూర్ణమ్మ గారు, మిల్లు యజమాని తల్లి. సత్తియ్య ఇరవై నాలుగేళ్ల వయసులో మొదటిసారి గరగెత్తుకుని ఈ గుమ్మానికి వచ్చినప్పుడు ఆవిడ పసుపునీళ్ల చెంబు కింద పెట్టి, నేల మీద మోకాళ్లు ఆన్చి, రెండు చేతులతో అతని పాదాలు పట్టుకుంది. వేళ్ల సందుల్లో కూడా రాసింది. మర్నాడు పొద్దున్నే వచ్చి అదే గుమ్మంలో మాసిన బట్టల మూట తీసుకున్నాడు, ఆవిడ మూట అరుగు మీద పెట్టి రెండడుగులు ఎడంగా జరిగి నిలబడింది. ఏడాదికి మూడొందల అరవై నాలుగు రోజులు ఆ ఎడం, ఒక్క రోజు ఆ చేతులు. నాన్న అనేవాడు, ఆ ఒక్క రోజుకే మనం మిగతా రోజులు బతికేది అని. నాన్నకి అది గొప్ప. సత్తియ్యకి వయసొచ్చేకొద్దీ ఆ మాట తల్చుకుంటే ఒళ్లు మండేది, ఒళ్లు మండుతూనే ఎదురు చూసేవాడు కూడా, అదీ దరిద్రం. పద్దెనిమిదేళ్లు పట్టుకున్నారు ఆవిడ. కాలు వాచిన మొదటేడు రెండు వేళ్లతో తాకారు. రెండో ఏడు ఎడమకాలికి రాసి చెయ్యి తీసేశారు. తర్వాతి ఏడు వంగకుండా పైనుంచి పోశారు. నిరుడు నాలుగడుగుల దూరం నుంచి చిలకరించారు, నీళ్లు కాలి మీద పడనే లేదు, ముందున్న మట్టిలో పడ్డాయి, అడుగు ఆపాలంటే నీళ్లు తగలాలి కదా, తడిసిన మట్టిలోకి సత్తియ్యే తన కాలు జరుపుకున్నాడు. ఆవిడ చూసింది. చూసి తల దించుకుంది. ఆ తల దించుకోవడం మీదే ఏడాదంతా ఆశ పెట్టుకున్నాడు, సిగ్గుపడ్డ మనిషి మళ్లీ వంగుతుంది అని.

"అన్నాయ్, నన్ను పిలవమంటావా" అన్నాడు ఏసుపాదం, కర్ర ఆపకుండా.

"వద్దు."

"వద్దంటే ఎలాగ. నీ కళ్లు తేలేస్తన్నాయి. నేను అమ్మోరి మనిషిని కాదు కదా, మా దేవుడు వేరు, నేను తలుపు కొడితే ఎవలికీ పాపం రాదు."

"వాయించరా."

ఏసుపాదం రోడ్డువైపు తిరిగి వాయిస్తున్నాడు, పొద్దుట్నించీ కెమెరాకి వీపే. మూడు తరాలుగా వాళ్లది ఈ జాతర డప్పు, రెండు తరాలుగా లూథరన్ చర్చి. ఇన్నాళ్లూ రెండూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. నిరుడు ఏదో కాస్త ముక్క టీవీలో వేస్తే పాస్టరుగారు కుర్చీలో కూర్చుని చూశారు, ఆదివారం ప్రార్థనలో నిలబెట్టి అడిగారు. "నేను కాదండి, నాలాటోడండి అన్నాను. మరి ఆ చొక్కా మొన్న క్రిస్మసుకి మనం పంచిందే కదా అన్నారు" అని పొద్దున్న గుళ్లో చెప్పుకుని ఇద్దరూ నవ్వుకున్నారు. అందుకని ఇవాళ చొక్కా లేకుండా వచ్చాడు. వీపు మీద చెమట కారి లుంగీ తడిసిపోయింది. మనిషి ఎదురుగా వాయిస్తే పట్టని పాపం టీవీలో కనబడితే పట్టింది, అదేం దేవుడో, అదేం ఊరో.

గణేష్‌బాబు ఇందాక ఇక్కడిదాకా వచ్చాడు. మూసిన తలుపునీ, తలుపు ముందు సత్తియ్యనీ కాసేపు తీశాడు. క్యాసెట్టు అయిపోయింది. "మిషన్లో వేసేసి వత్తాను సత్తియ్యా, నువ్వు కానిస్తూండు, ఆగకు" అని స్కూటరెక్కాడు. ఆగకు అని చెప్పేవాళ్లే అందరూ. గణేష్‌బాబు చెడ్డవాడేం కాదు. వాడి కొట్లోనే సత్తియ్య ఒకసారి సీడీ చూశాడు. ఎప్పుడు, కాలు వాచిన ఏడాది. అంతకుముందు ఏడాది బెంగుళూరు నుంచి ఒకావిడ వచ్చింది, పొట్టి జుట్టు, పంట్లాం, డాన్సు ఆవిడ పని, సినిమా డాన్సూ కాదు గుళ్లో డాన్సూ కాదు, అదేదో ఇప్పటి డాన్సు అంది. వారం రోజులు చాకలిపేటలో లోవలక్ష్మి వండింది తిని, రేవుగట్టున సత్తియ్యతో అడుగు వేయించుకుంది. వచ్చీరాని తెలుగులో అడిగింది, ఈ అడుగు మడమలో పుడుతుందా, తుంటిలో పుడుతుందా అని. సత్తియ్య బిత్తరపోయాడు. ఎవరైనా అడిగే ప్రశ్నేనా అది, ఊపిరెక్కడ పుడుతుందంటే ఏం చెప్తాం. ఆవిడ కూలబడి అతని చీలమండ చుట్టూ రెండు అరచేతులూ వేసి, ఇప్పుడు వెయ్యండి అంది. వేశాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. పసుపు లేదు, చెంబు లేదు, జాతర కాదు, మంగళవారం మధ్యాహ్నం, ఒక మనిషి చేతుల్లో ఒక మనిషి కాలు. మళ్లీ వెయ్యండి అంది. గట్టు మీద బట్టలారేస్తున్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. వెళ్లిపోయిన ఏడాదికి సీడీ పంపింది. గణేష్‌బాబు కొట్లో వేశారు. నల్లటి బట్టల్లో ఆవిడొక్కతే, నెత్తిన గరగ లేదు, డప్పు లేదు, ఏదో ఏడుపులాటి శబ్దం, ఉత్త పాదాలు, అయితే అడుగు ఇదే, సత్తియ్య అడుగే, ఎక్కడ మడమ బరువు పుచ్చుకుంటుందో అక్కడే పుచ్చుకుంటోంది. గణేష్‌బాబు ఆవులించి, ఇదేం డాన్సండీ, పిచ్చిదానిలాగ, అన్నాడు. సత్తియ్య మాత్రం తన కాలు తనకి దూరంగా, ఇంకొకరి ఒంట్లో, వాపు లేకుండా నడుస్తుంటే చూస్తున్నాడు. ఆవిడ ఈ రోజు వచ్చి ఈ కాలిని పట్టుకుంటుందా. ఏమో. పట్టుకోకపోవచ్చు. ఆవిడకి అడుగు అందింది కదా, ఇక కాలితో ఏం పని. అందరికీ ఏదో ఒకటి అందుతుంది, వీళ్లకి మొహం, ఆవిడకి అడుగు, గుడికి గరగ, కాలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు, అది సత్తియ్యకి మిగిలింది.

డప్పు. టీవీ డప్పు ఒక లెక్కన, బయటి డప్పు ఇంకో లెక్కన, రెండూ కలవడం లేదు, తన కాలు ఏ డప్పుకి పడుతోందో కాసేపు తెలియలేదు, తెరలోంచి చూస్తూ చూస్తూ టీవీలోని తన భుజానికి తగ్గట్టు ఇక్కడ అడుగేశాడు, వేసి తూలాడు. గరగ ఒరిగింది. మెడ దానంతట అదే అటు వెళ్లి పట్టుకుంది, ఇరవై రెండేళ్ల మెడ. కళ్ల ముందు పచ్చగా అయింది, పచ్చ లోపల ఎర్ర చుక్క. గజ్జల్లోంచి తొడలోకి తీగ లాగినట్టు లాగుతోంది. కాలు పగిలిన చోట నుంచి నీరు కారుతోంది, మట్టిలో చెమ్మ, నిరుటి చెమ్మలాగే, ఇది మాత్రం తనదే. తన నీళ్లు తన కాలి మీద పడితే లెక్కలోకొస్తుందా అని భీమరాజు గార్ని అడగాలి. వీధిలో ఒక్కడు లేడు. నిరుటిదాకా వెనకాల వంద మంది ఉండేవాళ్లు, తొక్కిసలాట, వేపమండలు పీక్కోవడం, ఒకడు కాలు తొక్కితే తిట్టడం, తిట్టించుకోవడం, ముసలివాళ్లు గొడుగు పట్టడం, ఎవడో ఒకడు నీళ్లు పోసెయ్యండమ్మా పాపం అని అరిచేవాడు. ఇవాళ వాళ్లంతా లోపలున్నారు. ఒక్కొక్క ఇంట్లోనూ ఒక్కొక్క సత్తియ్య ఆడుతున్నాడు, నాలుగొందల కనెక్షన్లు, నాలుగొందల మంది సత్తియ్యలు, ఎవరికీ కాళ్లు లేవు, ఎవరికీ జ్వరం లేదు. చచ్చేవాడు ఒక్కడే బయటున్నాడు.

గడియ తీసిన చప్పుడు.

తలుపు జానెడు తెరుచుకుంది. సత్తియ్య గుండె గజ్జెల కంటే గట్టిగా మోగింది. చెంబు కనబడలేదు. ఒక అమ్మాయి చేతిలో ఎంగిలి పళ్లెం, బయట కుక్కకి వెయ్యడానికి కాబోలు. సంపూర్ణమ్మ గారి కోడలు సాయిదుర్గ, పెళ్లయి ఏడాది, ఆరో నెల పొట్ట. గుమ్మం నిండా గరగ ఉండేసరికి కొయ్యబారిపోయింది. ముందు గరగని చూసింది, తర్వాత సత్తియ్య మొహం, తర్వాత కళ్లు కిందకు జారాయి. అంతా రెప్పపాటులో. ఆ కళ్లు కాలి దగ్గర ఆగాయి. అసహ్యం కాదు అది, సత్తియ్యకి అసహ్యం బాగా తెలుసు, ఇది భయం, తప్పు చేస్తూ దొరికిపోయినప్పటి భయం. పళ్లెం ఉన్న చేత్తోనే పొట్టకి అడ్డం పెట్టుకుంది. గొంతులో ఉమ్ము లేక సత్తియ్య పెదాలు కదిపాడు, నీళ్లు తల్లీ అన్నాడో, అనుకున్నాడో. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తలుపు మళ్లీ మూసింది, గడియ మాత్రం పెట్టలేదు.

లోపల, కిటికీ తెర వెనక, డప్పుకి మధ్య మధ్యలో మాటలు.

"అత్తయ్యా, గరగొచ్చేసిందేమోనండి."

"ఎక్కడే, ఇదిగో ఇంకా వీరవేణి గుమ్మంలోనే ఉంటేను. చూపిస్తన్నాడు కదా."

"బయట డప్పు..."

"డప్పు ఇందులోదే. కంగారుపడి బయటికెళ్లకు. పసుపునీళ్లు నేను పోసొస్తాను, నువ్వు ఆ వంక చూడకూడదు. కడుపుతో ఉన్నదానివి, ఆ కాలు కళ్లబడితే పుట్టేదానికి అవుద్దంటారు. పొద్దుట్నించీ చెప్తన్నాను." మళ్లీ సంపూర్ణమ్మ గారి గొంతే, పదును పెరిగి. "చూశావా ఏంటి కొంపదీసి? ఎవరే బయట?"

ఆ పిల్ల ఊపిరి పీల్చుకోవడం కూడా సత్తియ్యకు వినిపించినట్టే ఉంది.

"ఎవరూ లేరండి అత్తయ్యా."

ఎవరూ లేరు. సత్తియ్యకి కోపం రాలేదు, వస్తుందేమోనని చూశాడు, రాలేదు. ఆ పిల్ల ఇంకేమంటుంది. ఉన్నాడంటే చూశానని ఒప్పుకోవాలి, చూశానంటే పుట్టబోయే బిడ్డ వేలు కాస్త వంకరున్నా చచ్చేదాకా ఆ మాట పడాలి. అబద్ధమాడి బతికింది, ఎవరైనా అదే చేస్తారు. మోసం చేసింది ఆ పిల్ల కాదు, అతనే, తనని తనే. ఆ చెయ్యి వచ్చినా కాలికోసం వచ్చేది కాదు, పద్దెనిమిదేళ్లూ అది గరగకి పెట్టిన దణ్ణం, కాళ్లు మధ్యలో ఉన్నాయి కాబట్టి తగిలింది. ఇవాళ మధ్యలో టీవీ ఉంది. నాన్న ఒక్కరోజు బతుకు అన్నది ఇదే. ఆ ఒక్కరోజు కూడా మనం లేము నాన్నా, నువ్వూ లేవు, తాతా లేడు, ఎవరూ లేరు, ఆ పిల్ల నిజమే చెప్పింది. ఈ గుమ్మంలో ఎప్పుడూ ఎవరూ లేరు. లేనివాడికి అడుగు ఆగితేనేం, ఆడితేనేం.

చేతులు లేచాయి. ఇరవై రెండేళ్లలో గుమ్మం ముందు ఎప్పుడూ లేవని చేతులు, వాటికే కొత్తగా ఉంది, ముట్టాలా వద్దా అని కాసేపు గాలిలో తచ్చాడి, బిందె అంచు పట్టుకున్నాయి. ఇత్తడి కాలిపోతోంది. ఎత్తి, దించి, వాళ్ల గుమ్మం ముందు నేల మీద పెట్టాడు. చంటిబిడ్డని దించినట్టు మెల్లిగానే దించాడు, అమ్మవారి మీద అతనికేం పగ లేదు. వేపమండలు సర్దాడు. మెడ ఒక్కసారిగా పైకి లేచింది, ఎవరో తల ఊడబెరుక్కుని వెళ్లిపోయినట్టు.

ఏసుపాదం కర్ర గాలిలో ఆగిపోయింది.

"అన్నాయ్. ఏం చేశావు."

"దించాను."

"నీళ్లు పడలేదు కదా."

"పడవురా."

"నిన్ను బతకనివ్వరు. లోవలక్ష్మొదినకేం చెప్పమంటావు. మీ ఇంటి హక్కు..."

"నువ్వు వెళ్లిపో ఏసుపాదం. నువ్వు లేవు, నీలాటోడెవడో వాయించాడు, సరేనా."

ఏసుపాదం వెళ్లలేదు. డప్పు చంకలో పెట్టుకుని, గోడ నీడలోకి జరిగి, రోడ్డు రెండువైపులా చూస్తూ నిలబడ్డాడు. బయట డప్పు ఆగిపోయిన సంగతి లోపల ఒక్కరికీ తెలియలేదు. అక్కడ ఇంకా మోగుతోంది, దరువు మారింది, వీరవేణి గుమ్మంలో ఆఖరి చుట్టు తిరుగుతున్నట్టున్నాడు, ఎవరో ఆడమనిషి, ఎంత బాగా ఆడతాడే, బుగ్గన చుక్క కూడా కనబడతంది చూడు, అంటోంది.

సత్తియ్య మెట్టు మీద కూర్చున్నాడు. ఈ మెట్టు మీద కూర్చోవడం ఇదే మొదలు, చల్లగా ఉంది, నాపరాయి. కుడికాలి తాడుముడి విప్పబోతే మాంసంలో దిగబడిపోయి రాలేదు, పళ్లతో అందదు, గోళ్లతో పీకి పీకి తెంపాడు. గజ్జెలు రాలి మెట్ల మీద దొర్లాయి. తాడున్న చోట తెల్లగా గాడి, అందులోకి రక్తం మెల్లిగా తిరిగొస్తోంది, మంట. రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని కాలిని పైకెత్తాడు, తడి బట్టల మూటంత బరువుంది, ఎత్తి గడప మీద పెట్టాడు, తలుపుకి ఎదురుగా, పాదం లోపలివైపు చూసేటట్టు. చెంబు పట్టుకుని ఎవరొచ్చినా ముందు దీన్నే చూడాలి, దీన్ని దాటకుండా గరగ దగ్గరికి రాలేరు. లోపల అడుగుల చప్పుడు వినిపించింది, తేలికపాటి అడుగులు, ఒక బరువు మొయ్యడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న అడుగులు, తలుపు దాకా వచ్చి ఆగాయి. ఆ పిల్లే. సత్తియ్యకి, పొట్టకి అడ్డం పెట్టుకున్న ఎంగిలి పళ్లెం గుర్తొచ్చింది. కాలు తీసేద్దామా అనుకున్నాడు. తలుపు కదిలింది.

తియ్యలేదు.